మోటారు మాహాత్మ్యము

భాగ్యనగరమున బహుళాంతస్తుల సౌధములను నిర్మించు మహనీయుల భూగర్భజల పాండిత్యమంతయు రెండు వాక్యములలో ఇముడును. త్రవ్వకమునకు ముందు, "ఇదంతా రాయండీ, ఇక్కడ నీళ్లెక్కడివి?" అనునది మొదటిది, ఆ రాతిని పేల్చి మూడు సెల్లారుల లోతు దిగి, మోకాటిలోతు ఊటలో నిలిచిన పిమ్మట, "మోటారు పెట్టించండి" అనునది రెండవది.

రాయి రాయియే, కాదన్నవారెవరు? కాని ఆ రాతిపై మొరపుపొర యొకటి గలదనియు, రాతియందు నెఱ్ఱెలు గలవనియు, ఇంకిన వాననీరు వానియందే సంచరించుచు పల్లమెచ్చట దొరకునాయని వెదకుచుండుననియు, ఆ పల్లమును తామే లక్షలు వెచ్చించి సమకూర్చుచున్నామనియు వారికి స్ఫురింపదు. త్రవ్వుటకు ముందు నాలుగు బోరుగొట్టములు దింపి, వానలకు ముందొకసారి, వెనుకనొకసారి నీటిమట్టమును కొలిపింపుడని ఇంజనీరు విన్నవించినచో, అది వృథావ్యయమట! ప్రవేశమందిరమున వ్రేలాడు గాజుదీపముల గుత్తి మాత్రము అత్యవసరము.

అందుచేత భారమంతయు మోటారుపై పడినది. ద్వారముకడ గొట్టమొకటి రేయింబవళ్లు ఎఱ్ఱనీటిని మురుగుకాలువలోనికి గ్రుమ్మరించుచుండగా, అదే ద్వారమున, స్లాబు తడుపుటకై వెలకు కొన్న ట్యాంకరు గంభీరముగా లోనికేగును. ఆ నీరు ఎఱ్ఱనైనదనగా నీరొక్కటియే పోవుటలేదు. వడపోతకు పిడికెడు గులకరాళ్లయినను వేయని గుంటనుండి తోడుటచే, ప్రక్కయింటి పునాదిక్రింది సన్నమన్నును దానివెంట పయనమగుచున్నది. ఆ యింటి బోరెండి, గోడ బీటవారి, యజమాని వచ్చి మొఱపెట్టుకొన్నచో, "మీది పాతగోడండీ" అను తీర్పు సిద్ధముగా నుండును.

ఇక ఆర్కిమెడీసు మాట. నీటిమట్టమునకు 3 మీటర్ల దిగువనున్న అడుగుపలకను, చదరపు మీటరునకు 3 టన్నుల చొప్పున నీరు పైకెత్తుచుండును. 30 సెంటీమీటర్ల మందముగల ఆ కాంక్రీటు పలక తూగునది ముప్పాతిక టన్ను మాత్రమే. పైయంతస్తుల బరువు చాలినంత పడువఱకు తోడుట మానరాదనియు, కరెంటు పోయినవేళకు జనరేటరు ఉండవలెననియు ఈ లెక్కయే చెప్పును. డీజిలు దండుగయని యెంచి రాత్రివేళ మోటారు నాపించు పొదుపరి ఈ గణితమును తెల్లవారిన పిమ్మట, నేల ఉబ్బి పగిలినప్పుడు, అభ్యసించును. అప్పుడును ఆయన వేయించునది పైపూతయే!

గృహప్రవేశముతో ఆ మోటారు విరమింపదు. బిల్డరు సొమ్ము తీసికొని పోవును, సెల్లారు ఊట చేరు సంపు నిలుచును, దాని కరెంటుబిల్లు మెయింటెనెన్సు పేర ప్రతి నెలయు ఫ్లాటువారికి సంక్రమించును. కావున, కొనదలచిన పాఠకమహాశయులారా, నమూనా ఫ్లాటులోని సోఫాపై కూర్చుండుటకు ముందు, వానకాలమున కడపటి సెల్లారునకు దిగి, సంపుమూత తీయించి, మోటారు ఆపించి, గంటసేపు నిలిచి చూడుడు. అడ్వాన్సు తరువాత ఇయ్యవచ్చును.