సుగ్గి పిల్లలొచ్చారా? సదనం సిబ్బందికి చిట్కాలు

పంటలు అయిపోగానే గోనెగండ్ల, కోసిగి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. జనం గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతారు. పిల్లలు కొందరు వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర ఉంటారు. ఏ దిక్కూ లేనివాళ్లు బాలల సంక్షేమ కమిటీ ఆర్డరుతో మీ సదనానికి వస్తారు. బెంబేలు పడకండి. ఇలా చేయండి.

1. పేరు, ఊరు, వయసు రాసుకోండి, చాలు. తల్లి ఏ మేస్త్రీ వెంట పోయిందో అడగొద్దు. అడిగితే ఫోన్ కలపాలి. అమ్మ గొంతు వింటే పిల్ల ఏడుస్తుంది. ఏడిస్తే పక్కన కూర్చోవాలి.

2. రాత్రి పక్క తడిపినవాడి దుప్పటి వాడి చేతే అందరి ముందూ ఆరవేయించండి. మర్నాడు మళ్లీ తడుపుతాడు. మళ్లీ ఆరవేయించండి.

3. దిండు కింద జొన్నరొట్టె ముక్క దొరికితే 'దొంగతనం' అని రాయండి. ఎండి విరిగిపోయే ఆ ముక్కను చెత్తలో వేసేది వాడు చూడాలి. రేపు తిండి ఉంటుందో ఉండదో అన్న భయంతో దాచాడని రాస్తే కౌన్సెలర్‌ను పిలవాలి. అదో తలనొప్పి.

4. మాట్లాడని పిల్లే మంచి పిల్ల. మాటలో కన్నడం కలిస్తే నవ్వండి, రెండు రోజుల్లో నోరు మూసుకుంటుంది. రిజిస్టర్లో 'సర్దుకుంది' అని రాయండి.

5. సామాజిక దర్యాప్తు నివేదికకు చట్టం 15 రోజులు ఇచ్చింది. మీకు పదిహేను నిమిషాలు చాలు. పాత నివేదిక తీసి పేరు మార్చండి. 'తల్లిదండ్రులు బాధ్యత లేనివారు' అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది. వాన పడక, అప్పు తీరక వలస పోయారని రాయాలంటే గోనెగండ్ల బస్సెక్కాలి. మిషన్ వాత్సల్య పథకంలో అర్హులకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉందని అవ్వకు పొరపాటున కూడా చెప్పకండి. ఆ డబ్బుతో పిల్లను ఇంట్లోనే పెట్టుకుంటానంటుంది, దరఖాస్తు మీరు నింపాల్సి వస్తుంది.

6. మూడు నెలలకోసారి తనిఖీ బృందం వస్తుంది. ముందురోజు 'బాగున్నాం సార్' అని పదిసార్లు చెప్పించండి. దుప్పట్లు మాత్రం కొత్తవి పరచండి.

7. గోడ మీద చైల్డ్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలిమానస్ 14416 రాసి ఉంటే పైన పెద్ద క్యాలెండర్ తగిలించండి. ఆ రెండు నంబర్లకూ డబ్బు పడదు, 24 గంటలూ ఎత్తుతారు, పిల్లలు తామే ఫోన్ చేయొచ్చు.