తిట్టడానికైనా చదివేవాళ్లం

మా రోజుల్లో పుస్తకం మీద కోపమొస్తే ముందు దాన్ని చదివేవాళ్లు. ఇప్పుడు ముందు ఫిర్యాదు రాస్తున్నారు. చదవడం తర్వాత సంగతి, తీరిక దొరికితే.

రంగనాయకమ్మగారి ‘రామాయణ విషవృక్షం’ మొదటి భాగం 1974లో వచ్చింది. పేరులోనే విసురు. విశ్వనాథవారి ‘రామాయణ కల్పవృక్షం’ అప్పటికే జ్ఞానపీఠం అందుకుని ఉంది మరి! మా ఊరి లైబ్రరీకి ఒక్క కాపీ వచ్చింది. పురాణం చెప్పే శాస్త్రిగారు దాన్ని అందరికంటే ముందు ఇంటికి పట్టుకుపోయారు. మళ్లీ తెచ్చిచ్చేసరికి మార్జిన్ల నిండా పెన్సిలు రాతలే. ఈ శ్లోకానికి అర్థం ఇది కాదనీ, ఇక్కడ సందర్భం వేరనీ, ఒకచోట మాత్రం ‘ఈ ప్రశ్న సబబే’ అనీ. పుస్తకం పాడుచేశారని లైబ్రేరియన్ సణిగాడు గానీ, ఆ తర్వాత తీసుకున్నవాళ్లం రచయిత్రినీ శాస్త్రిగారినీ ఒకే పేజీలో చదువుకున్నాం. దాన్ని తగలబెట్టాలని ఆయనకు తోచలేదు.

ఇది మాతో మొదలైందీ కాదు. కందుకూరి వీరేశలింగంగారి కాలంలో కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు ‘హాస్యవర్ధని’ నడిపితే, ఈయన ‘హాస్యసంజీవని’ పెట్టి జవాబిచ్చారు. దెబ్బకు దెబ్బ, అదీ అచ్చులోనే.

ఇప్పుడో? 2017లో కంచ ఐలయ్యగారి పుస్తకాన్ని నిషేధించమని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టు కుదరదంది కాబట్టి సరిపోయింది. 2019లో ‘వాల్మీకి’ అనే సినిమా విడుదల ముంగిట ‘గద్దలకొండ గణేష్’ అయి కూర్చుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ‘చింతామణి’. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావుగారు వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’, వేశ్యాలోలత్వం మీద ‘చింతామణి’ రాసిన సంస్కర్త. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి.

ఆ ఫిర్యాదులో నిజం లేదని నేననను. తిరునాళ్లలో తెల్లవార్లూ చింతామణి ఆడేవారు. భవానీశంకరం పద్యానికి ‘వన్స్‌మోర్’లు మోగుతుంటే మధ్యలో సుబ్బిశెట్టి దిగేవాడు. కాళ్లకూరివారు కలలో కూడా రాయని బూతులన్నీ అతని నోటే వచ్చేవి. మా ఊరి కిరాణా శెట్టిగారు ముందు వరసలో కూర్చుని పగలబడి నవ్వేవారు. కానీ మర్నాటి నుంచీ వాళ్లబ్బాయిని బళ్లో అందరూ సుబ్బిశెట్టి అనే పిలిచారు. వాడు పదో తరగతి దాటేదాకా ఆ పేరు వదల్లేదు. తండ్రి నవ్వాడు కదా అని కొడుక్కి నొప్పి లేదంటే ఎలా?

అయితే దానికి మందు ఏమిటి? బూతులు కలిపినవాణ్ణి పట్టుకోవాలి. కాళ్లకూరివారు రాసింది రాసినట్టు ఆడించాలి. ఈ పాత్ర తప్పనుకుంటే, అదే పందిట్లో లేచి ఎందుకు తప్పో చెప్పాలి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టారు. ఆ నాటకం మీద బతికే హార్మోనిస్టు నుంచి తెరలాగేవాడి దాకా అందరికీ పని పోయింది. బూతులు మాత్రం ఎక్కడికీ పోలేదు, రికార్డింగ్ డాన్సుల్లో చేరాయి.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మాటే పెట్టాను. నిమిషంలో అడ్మిన్ తీసేశాడు. ‘నో క్యాస్ట్, నో రెలిజియన్, నో పాలిటిక్స్’ అట. మిగిలిందల్లా గుడ్ మార్నింగులూ, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నా.

కాసేపటికి ఆ అడ్మినే ఫోన్ చేశాడు. ‘‘అంకుల్, ఏమీ అనుకోకండి, గ్రూపులో అందరూ ఉంటారు కదా’’ అని మొదలుపెట్టి, ఏ కులం వాళ్లు ఎలాంటివాళ్లో గంటసేపు చెప్పాడు. సుబ్బిశెట్టి పాత్రధారి కూడా అన్ని మాటలు అని ఉండడు. ‘‘ఇదంతా గ్రూపులోనే పెట్టు నాయనా, జవాబు చెప్పేవాళ్లు చెప్తారు’’ అంటే, ‘‘అమ్మో, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే!’’ అని ఫోన్ పెట్టేశాడు.