హైద్\వీఎస్‌రావు: సటీక, సతాత్పర్యం

అవతారిక: మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లో ఉదాహరణకు వాడుకునే కల్పిత కంపెనీ కంటోసో. దానికి హైదరాబాద్‌లో ఒక డొమైన్, విశాఖలో ఒక డొమైన్, రెండూ ఒకే ఫారెస్ట్‌లో (డొమైన్ల సమూహంలో) ఉన్నాయనుకుందాం. కొత్తగా చేరిన వెంకట సత్యనారాయణరావుగారికి ఐటీవాళ్లు చీటీ మీద ఒకే పాదం రాసిచ్చారు.

మూలం: హైద్\వీఎస్‌రావు

ప్రతిపదార్థం: హైద్ = హైదరాబాద్ డొమైన్ యొక్క నెట్‌బయాస్ పేరు, 15 అక్షరాలు దాటరానిది; \ = ఇది ఫలానా డొమైన్ మనిషి అని తెలిపే బ్యాక్‌స్లాష్; వీఎస్‌రావు = శామ్ అకౌంట్ నేమ్ అనబడు, 20 అక్షరాలకు లోబడిన పేరు.

టీక: ఈ పొట్టిపేరు విండోస్ ఎన్‌టీ కాలం నాటిది. 2000లో విండోస్ 2000తో ఈ డొమైన్లను నడిపే యాక్టివ్ డైరెక్టరీ వచ్చినా పాతపేరు పోలేదు. వెంకటసత్యనారాయణ అని ఇంగ్లిషులో రాస్తే సరిగ్గా 20 అక్షరాలు. ‘రావు’కు చోటే లేదు. అందుకని ముందు రెండూ పొడి అక్షరాలయ్యాయి, రావు మిగిలింది.

శంక: విశాఖలో వెంకట సుబ్బారావుగారున్నారు. ఆయనా వీఎస్‌రావే కదా?

సమాధానం: కావచ్చు, దోషం లేదు. ఈ పేరు ఒక డొమైన్‌లో ఒక్కరికే ఉండాలి. పక్క డొమైన్‌తో దానికి పేచీ లేదు.

పాఠాంతరం: వీఎస్‌రావు@కంటోసో.కామ్. దీన్ని యూపీఎన్ (యూజర్ ప్రిన్సిపల్ నేమ్) అంటారు. @ తర్వాతి భాగం అసలు డొమైన్ పేరే కానక్కర్లేదు. ‘డొమైన్స్ అండ్ ట్రస్ట్స్’ కన్సోల్‌లో కంపెనీ మెయిల్ సఫిక్స్‌ను చేర్చి అందరికీ అదే ఇవ్వవచ్చు. అప్పుడు ఎవరిది ఏ డొమైనో గ్లోబల్ క్యాటలాగ్ చూసి చెబుతుంది. సౌకర్యం ఇక్కడే, చిక్కూ ఇక్కడే. యూపీఎన్ ఫారెస్ట్ మొత్తంలో ఒక్కరిదే కావాలి. శామ్ పేర్లకే సఫిక్స్ తగిలించుకుంటూ పోతే ఇద్దరు రావుగార్లూ ఒకే పేరు మీద ఢీకొంటారు. పూర్వం స్క్రిప్టుతో రాస్తే ఈ జంటపేర్లు చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్లిపోయేవి, లాగిన్ దగ్గర బయటపడేవి. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి డొమైన్ కంట్రోలరే వాటిని తిప్పికొడుతోంది.

తాత్పర్యం: శామ్ పేరు డొమైన్ వరకే చెల్లుతుంది, యూపీఎన్ ఫారెస్ట్ అంతటా చెల్లుతుంది, కనుక పేరు పెట్టేముందు ఫారెస్ట్ అంతా వెతకవలెనని భావం.

విశేషం: అనుమతులు ఇచ్చేది ఈ రెండు పేర్లకూ కాదు, ఎస్‌ఐడీ (సెక్యూరిటీ ఐడెంటిఫయర్) అనే అంకెకు. డొమైన్ మారనంతవరకు పేరు ఎన్నిసార్లు మార్చినా అది మారదు. కానీ రావుగారు మానేశారని అకౌంటు తుడిచేసి, తిరిగొచ్చాక అదే పేరుతో కొత్తది తెరిస్తే ఎస్‌ఐడీ వేరు; పాత ఫోల్డర్లు ఆయన్ను గుర్తుపట్టవు. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆయన పేరుండాల్సిన చోట ఎస్-1-5-21తో మొదలయ్యే అంకెల వరస వెక్కిరిస్తుంది. అందుకే అనుభవమున్న అడ్మిన్లు వెళ్లిపోయినవారి అకౌంటును వెంటనే డిలీట్ చేయరు. డిజేబుల్ చేసి కొన్నాళ్లు ఆగుతారు.