పాజ్ లేని ఆటా ఒక ఆటేనా?

ఎల్డెన్ రింగ్‌లో పాజ్ లేదు. కొన్నాళ్ళుగా ఈ సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు కనక ముందు అదే కక్కేస్తాను. 2022లో వచ్చిన ఆట. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది, కోట్ల కాపీలు అమ్ముడైంది. అందులో ఆకాశమంత బంగారు చెట్టుంది, గాల్లోనే రెండోసారి ఎగిరే గుర్రముంది. ఆపడానికి మాత్రం బటన్ లేదు. మెనూ తెరిచాం కదా, ఎదుటివాడు మర్యాదగా నించుంటాడనుకుంటాం. నించోడు. సంచీలో మందు వెతుక్కుంటూ ఉండగానే వచ్చి తొక్కేస్తాడు.

ఈ శాస్త్రం ఇంట్లోవాళ్ళకి చెప్పడం ఎలా? "ఏమండీ, గ్యాసతను వచ్చాడు" అంది మా ఆవిడ. "వస్తున్నా, ఇది ఆగదు" అన్నాను. "ఆగకపోవడానికి అదేమన్నా ఎక్స్‌ప్రెస్ బస్సా?" అంది. సమాధానం లేదు. పైగా తర్వాత తెలిసిందేమిటంటే, ఆగుతుందట! సరంజామా తెర తీసి, అందులో సహాయం నొక్కి, 'మెనూ వివరణ' అనేదాన్ని ఎంచుకుంటే, ఆ వివరణ కళ్ళ ముందున్నంతసేపూ లోకం మొత్తం స్తంభించిపోతుంది. అంటే ఆపే విద్య వాళ్ళకి వచ్చు, మన చేతికివ్వడమే ఇష్టం లేదు. ఆగదంటే అదో గొప్ప, ఆటగాడి గుండె గట్టిదో కాదో తేలుతుందట. మా గుండెల సంగతి కరెంటు బిల్లు వచ్చినప్పుడు తేలుతూనే ఉంది, మళ్ళీ ఈ పరీక్ష ఎందుకు?

1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కి పాజ్ లేదంటే అర్థముంది. అది నాణెం వేసి ఆడే పెట్టె, ఒకడు ఆపుకుని టీకి వెళితే కొట్టువాడి బేరం ఏం కాను? కానీ ఇంట్లో ఆడుకునే యంత్రానికి ఆపే సౌకర్యం 1976లోనే ఉంది. ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అని, జెర్రీ లాసన్ బృందం తయారుచేసింది. దానిమీద 'హోల్డ్' అని ఏకంగా ఒక బటనే పెట్టారు. అంటే సంసారులు కూడా ఆటలాడతారని అప్పటివాళ్ళకి తెలుసన్నమాట.

ఆ లెక్కన నాకు నచ్చిన ఆట వైస్ సిటీ. 2002 నాటిది. ఎస్కేప్ నొక్కితే చాలు, పోలీసులూ, తూటాలూ, సముద్రం అలలూ అన్నీ ఎక్కడివక్కడ. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడినవాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు, ఆ బొమ్మ హెలికాప్టరు అంటే చాలు, కడుపులో తిప్పుతుంది. చెప్పక్కర్లేదన్నాను గానీ చెప్పకుండా ఉండలేను. ఏవరీ క్యారింగ్టన్ అని ఒక రియల్ ఎస్టేట్ ఆసామి ఉంటాడు. అతగాడికి భూముల ధరలు పడిపోవాలి. అందుకు కడుతున్న భవనాన్నొకదాన్ని కూల్చాలి. మన ఊళ్ళో అయితే "రింగు రోడ్డు ఇటు రావట్లేదటగా" అని టీ కొట్టు దగ్గర ఒక్క మాట వదిలితే సాయంత్రానికి గజం ధర దానంతటదే కూలుతుంది. వాడికి ఆ తెలివి లేదు. మనల్ని ఒక వ్యాన్లో కూర్చోబెట్టి, చేతికి బొమ్మ హెలికాప్టరిచ్చి, నాలుగు బాంబులు నాలుగు అంతస్తుల్లో పెట్టి రమ్మంటాడు. బాంబులన్నీ బయటే. ఒక్కో ట్రిప్పుకి ఒక్కటే. మొదటిది ఎత్తగానే గడియారం పరుగు. హెలికాప్టరు ముందుకి రమ్మంటే పక్కకి పోతుంది, పైకి అంటే గోడకి ముద్దు పెడుతుంది. మెట్ల దగ్గర మేస్త్రీ ఒకడు కాచుక్కూచుంటాడు. అసలు హెలికాప్టరుకి మెట్లతో పనేమిటి? కిటికీల్లేని భవనం, నాలుగు పక్కలా ఖాళీ, అయినా మెట్లమీంచే తీసుకెళ్ళేవాడిని నేను, మరీ పద్ధతి గల మనిషిని కదా. వెనకాల నలుగురు కుర్రాళ్ళు నించుని "అన్నా లేపు, లేపన్నా!" అని. నాలుగో బాంబు పెట్టబోతుండగా గడియారం అయిపోయేది, లేకపోతే కొట్టతను వచ్చి "టైమైపోయింది బాబూ" అనేవాడు. ఏ టైము గురించి అంటున్నాడో ఒక క్షణం అర్థమయ్యేది కాదు. ఆ క్యారింగ్టన్‌మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆటలో అంత పెద్ద ఊరు కట్టినవాళ్ళు ఆ హెలికాప్టరుకి కాస్త బుద్ధి పెట్టలేకపోయారా?

విచర్ 3 ఇంకో రకం. అక్కడ కథే పాజ్‌లో ఉంటుంది. కూతురులాంటి పిల్ల ప్రాణాపాయంలో ఉంది, వెతకాలి వెతకాలి అంటూ బయల్దేరిన గెరాల్ట్ కనబడ్డ ప్రతి దుకాణదారుతోనూ కూర్చుని పేకాడతాడు. ఆ పేక బాగుంటుందనేది వేరే సంగతి. ఆ పిల్ల ఏమైందో నాకైతే గుర్తు లేదు.

మా చిన్నప్పటి వీడియోగేమ్‌లో దాచుకునే సదుపాయం ఉండేది కాదు. 1985 నాటి మారియో ఎనిమిదో లోకానికి చేరాక బడి వేళయితే ఒకటే దారి: పాజ్ నొక్కి, ఆ చిన్న కూత విని, టీవీ ఆపేసి వెళ్ళిపోవడం. పెట్టె మాత్రం రోజంతా వెలుగుతూనే ఉండేది, అడాప్టరు కాగిపోయేది. "ఒరేయ్, ఇది కాలిపోతుందేమోరా" అనేది అమ్మ. ముట్టుకోకమ్మా అనేసి పరుగు. టీవీకి యాంటెనా తీగ పీకి దాని తీగ తగిలించి ఉండేది కాబట్టి ఆ మధ్యాహ్నం అమ్మకి సీరియల్ లేదు. తీగ మార్చుకుంటే ఆటకేమీ కాదని ఆవిడకి తెలియదు. పక్కింటావిడ సీరియల్‌కని వస్తే, "వాడు ఆపుకుని వెళ్ళాడమ్మా" అని వెనక్కి పంపేసింది. ఆపుకున్నదేమిటో ఆవిడకి తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

కరెంటు ఎలాగూ నాలుగింటికి పోయేదనుకోండి.

పబ్‌జీ సంగతి చెప్పకపోతే బావుండదు. నూరు మంది దీవిలోకి దూకాక ఒక్కడి కోసం ఆట ఆగదు, అది ఒప్పుకుంటాను. మనం ఆపలేనిదాన్ని 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వమే ఆపింది. 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని మళ్ళీ మొదలైంది. 2022 జులైలో మళ్ళీ పాజ్. 2023 మేలో మళ్ళీ వదిలారు. పాజ్ బటన్ విలువ తెలిసిన ప్రభుత్వం.

క్యాండీ క్రష్ అయితే తిరగబడ్డ వ్యవహారం. అదే మనల్ని పాజ్ చేస్తుంది. ఉన్నవి ఐదు ప్రాణాలు, అవి కాస్తా అయిపోతే ఒక్కోదానికీ అరగంట కాచుకోవాలి, లేదా తెలిసినవాళ్ళని అడుక్కోవాలి. మా అత్తగారు రెండో పద్ధతి మనిషి. ఎన్నో స్థాయిలో ఉన్నారో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. రాత్రి పదింటికి ఫోను మోగుతుంది. "అల్లుడుగారూ, పడుకున్నారా? ఒక్క ప్రాణం పంపుదురూ." కాదనలేం కదా, పిల్లనిచ్చిన మనిషి. అప్పుడు నేనెక్కడుంటాను? ఎల్డెన్ రింగ్‌లో, ఎవడిదో పాదం కింద. ఆవిడకొకటి పంపి తల ఎత్తేసరికి నాది పోయి ఉంటుంది.