అమ్మ చేతి వంట, జీఎస్టీ అదనం

తార్నాకలో ఇప్పుడు పల్లెటూరు దొరుకుతోంది, ఏసీతో సహా. గోడకు చేట, మూలన తిరగలి, స్టీలు పళ్లెంలో గుండ్రంగా కత్తిరించిన అరిటాకు. సంకటి ముద్ద నిమ్మకాయంత. నాటుకోడి పులుసులో కోడిని వెతుక్కునే బాధ్యత కస్టమర్‌దే. ‘అమ్మ చేతి వంట’ అని బోర్డు. ఏ అమ్మా 5 శాతం జీఎస్టీ వేసినట్టు వినలేదు.

జాతీయ పోషకాహార సంస్థ ఉన్నదీ ఈ తార్నాకలోనే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. పాలిష్ బియ్యం మరీ ఎక్కువైతే వచ్చే జబ్బది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ చెప్పింది. ఇక్కడ ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం కలిసి ఆ కోటాను మజ్జిగ దాకా రానిస్తాయా?

అదే 1918లో పుట్టిన ఉస్మానియా సంగతి ఇంకా రుచికరం. ఊళ్లో జొన్నరొట్టె వద్దని అలిగిన కుర్రాడే ఫెలోషిప్ పడగానే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీది నుంచి నలుగురిని వెంటేసుకొచ్చి జొన్నరొట్టె కోసం క్యూ కడుతున్నాడు. మొదట ఫొటో, తర్వాత ముద్ద. ఊళ్లో వాళ్లమ్మ రేషన్ సన్నబియ్యం వండుకుని ఫోన్ చేసింది.

“ఏం తిన్నవ్ బిడ్డా?”

“జొన్నరొట్టె, పచ్చిపులుసు.”

“అయ్యో, పైసలు ఒడిసినయా? పంపాల్నా?”