సొరపిల్లకు పట్టాదారులు

భూమ్మీద జనం 800 కోట్ల పైచిలుకు. యూట్యూబులో 'బేబీ షార్క్ డాన్స్' నడిచింది 1,600 కోట్ల సార్లకు పైగా. అంటే తలకు రెండుసార్ల చొప్పున లోకమంతటికీ వడ్డన పూర్తయింది. నేనొక్కసారి కూడా వినలేదని మీరు బుకాయించవచ్చు. మీ వాటా పక్కింటి రెండేళ్ల బుడతడు పొద్దున ఇడ్లీ తింటూ వినేసి ఉంటాడు.

కథ ఏమిటంటారా? ఒక సొరపిల్ల. దానికి అమ్మ, నాన్న, నానమ్మ, తాతయ్య. అందరూ కలిసి వేటకు బయల్దేరతారు. చిన్న చేపలు పారిపోతాయి. మంగళం. మధ్యమధ్యలో అర్థంలేని దరువు, దానికి తగ్గ అభినయం: పిల్లకు రెండు వేళ్లు, అమ్మకు రెండు అరచేతులు, నాన్నకు చాచిన చేతులు, నానమ్మకు పళ్లుండవు గనుక ముడిచిన పిడికిళ్లు. ఇంతటి మహాకావ్యం ఎవరిదన్న తగాదా దక్షిణ కొరియాలో ఆరేళ్లకు పైగా మూడు కోర్టులు తిరిగింది. 'క్రీడాభిరామం' రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అని మన పండితులు తెగ వాదించుకున్నారు గానీ ఎవరూ నష్టపరిహారం అడిగిన పాపాన పోలేదు. వెనకబడిన వాళ్లం.

ఫిర్యాది న్యూయార్క్ రాష్ట్రపు మనిషి. జానీ ఓన్లీ అనే పేరుతో పిల్లల్ని ఆడించి పాడిస్తుంటాడు. ఈ పాటకు 2011లోనే ఒక వీడియో పెట్టాడు. 2016లో కొరియాలో పిల్లల పాటలు చేసే పింక్‌ఫాంగ్ వాళ్ల వీడియో వచ్చింది, లోకం ఊగిపోయింది. నా పాట ఎత్తుకుపోయారంటూ ఆయన 2019లో సియోల్ కోర్టుకెక్కాడు. అడిగింది సుమారు 3 కోట్ల వాన్లు, మన లెక్కలో 20 లక్షలకు అటూ ఇటూ.

ఎత్తుకుపోవాలంటే ముందు ఆ సొత్తు ఆయన ఇంట్లో ఉండాలి కదా! అమెరికా వేసవి శిబిరాల్లో చలిమంట చుట్టూ చేరిన పిల్లలు ఈ పాటను దశాబ్దాలుగా పాడుకుంటున్నారు. అక్కడి సొర ఇంత సాధువు కాదు. ఈతగాడి చెయ్యి కొరుకుతుంది, కాలు కొరుకుతుంది, చివరికి వాణ్ని నేరుగా స్వర్గానికి పంపుతుంది. జానీ ఓన్లీ ఆ నెత్తురు తుడిచి బుజ్జాయిలకు అప్పగించాడు. పింక్‌ఫాంగ్ వాళ్లు రంగులద్దారు, వేగం పెంచారు. వీళ్లిద్దరికీ ముందే, 2007లో, జర్మనీలో ఒకామె 'క్లైనర్ హై' పేరుతో వీడియో చేసి అక్కడి జనాన్ని ఊపేసింది. అన్నిటికన్నా మొదట ఏ మంట దగ్గర ఏ పిల్ల నోట ఇది పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆ పిల్లగానీ, ఆమె వారసులుగానీ ఇంతవరకూ లాయర్ నోటీసు పంపలేదు.

అంటే ఇది ఊరుమ్మడి బంజరు. పశువులు మేసినన్నాళ్లూ దాని వంక చూసినవాడు లేడు. పక్కనుంచి నాలుగు లేన్ల రోడ్డు పడగానే రాత్రికి రాత్రి కంచెలు మొలిచాయి. ముందు కంచె వేసినవాడు వెనక వేసినవాణ్ని కబ్జాదారు అంటున్నాడు.

వెనక వేసినవాడి గొప్ప కూడా వినాలి. 2018లో కొరియాలో స్థానిక ఎన్నికలొచ్చాయి. లిబర్టీ కొరియా పార్టీ ఈ పాటను ప్రచారానికి వాడుకుంది. పింక్‌ఫాంగ్‌ను నడిపే, అప్పట్లో స్మార్ట్‌స్టడీ అన్న పేరున్న కంపెనీకి కోపం వచ్చింది. కాపీరైట్ ఉల్లంఘన, కోర్టుకు లాగుతాం అని హెచ్చరించింది. ఆ పార్టీ చెప్పిన జవాబుకు మన పార్టీలు సైతం దండం పెట్టాలి: జానీ ఓన్లీ దగ్గర అనుమతి తీసుకున్నామంది! ఊరి బంజరులో ఒకడి కంచె దూకడానికి ఇంకో కంచెవాడి సంతకం. మరుసటి ఏడు ఆ జానీ ఓన్లీయే దావాతో దిగేసరికి కంపెనీ గొంతు మారింది. ఇది పాత జానపదం, దీనికి యజమాని ఎవరూ లేరన్నదే దాని వాదన. కోర్టు బయట పట్టా భూమి, కోర్టు లోపల పోరంబోకు!

చట్టం తెలిసినవాళ్లు వెంటనే అడ్డం పడతారు: పాట అందరిదీ, మా కూర్పు మాత్రం మాది, రెండూ ఏకకాలంలో నిజమే కదా అని. నిజమే. కాకపోతే ఎదుటివాణ్ని బెదిరించేటప్పుడు రెండో సగం, తాము బోనెక్కినప్పుడు మొదటి సగం గుర్తుకు రావడమే ఈ సత్యానికున్న సౌలభ్యం.

కింది కోర్టు కొరియా కాపీరైట్ కమిషన్‌ను కూడా సంప్రదించింది. బాగా చదువుకున్న పెద్దలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ సొర నానమ్మకూ ఈ సొర నానమ్మకూ సృజనలో తేడా ఎంతో తేల్చే దృశ్యం ఊహించుకోండి. 2021లో దావా కొట్టేశారు. 2023లో అప్పీలు కొట్టేశారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది: జానపదానికి కొత్త రచన అనిపించేంత మార్పు ఫిర్యాది చేయలేదు, కాబట్టి విడిగా హక్కు లేదు. పిల్లలు చలిమంట దగ్గరే తేల్చేసిన సంగతిని సుప్రీంకోర్టు కూడా ధ్రువపరిచింది.

కోర్టు దాకా వెళ్లేవాడు లేకపోతే ఇలాంటి కంచె ఎన్నేళ్లు నిలుస్తుందో పుట్టినరోజు పాటను అడగండి. దాని బాణీ అమెరికాలోని కెంటకీకి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లు 1893లో అచ్చు వేసిన బడిపాటది. దశాబ్దాల తర్వాత కూడా దాన్ని సినిమాలో వాడుకోవాలంటే వార్నర్ చాపెల్ సంస్థకు పైకం కట్టాల్సి వచ్చేది. ఆ పాట మీదే డాక్యుమెంటరీ తీస్తున్న ఒక దర్శకురాలు 1,500 డాలర్లు కట్టి, ఆపైన ఒళ్లు మండి దావా వేసింది. సాహిత్యం మీద ఆ సంస్థకు చెల్లుబాటయ్యే హక్కు లేదని 2015లో జడ్జి తేల్చారు. తర్వాత రాజీకి సంస్థ ఒప్పుకున్న మొత్తం 1.4 కోట్ల డాలర్లు. కొవ్వొత్తి ఊదినంత తేలిగ్గా పోయే పట్టా మీద అన్నేళ్లు శిస్తు వసూలైంది.

మనమేమీ తక్కువ తినలేదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఎంత రభస! పల్లవి జనానిది, చరణాలు సుద్దాల అశోక్‌తేజవి, గొంతు మంగ్లీది. అంతకుముందే ఆ జానపదాన్ని టీవీ వేదిక మీద పాడిన గాయని, తన ఊసే లేకుండా పోయిందని బాధపడింది. జనం రెండు జట్లయి తన్నుకున్నారు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామన్నారు. ఆ గొడవలో ఒక న్యాయం ఉంది. పాట నాది అనడం వేరు, పాట నా ద్వారా మీకు చేరింది అనడం వేరు. మొదటిది కబ్జా. రెండోది కూలి. ఊళ్లు తిరిగి ముసలమ్మల నోట పాట పట్టుకొచ్చినవాళ్లకు ఆ కూలి ఎగ్గొట్టి, జానపదమే కదా అని చేతులు దులుపుకొనే సినిమావాళ్లది కూడా స్మార్ట్‌స్టడీ తెలివే.

పిల్లల పాటల చానళ్లు చూడండి. 'చిట్టి చిలకమ్మ'ను ఎవరు కట్టారో మన తాతలకే తెలియదు. ఇప్పుడా చిలకమ్మ నెత్తిన ఒక లోగో, కింద హక్కులన్నీ మావేనన్న హెచ్చరిక. చిలక బొమ్మ వాళ్లది, సందేహం లేదు. వెనక మోగే తబలా వాళ్లది. దాని మీద వచ్చే ప్రతి రూపాయీ పుచ్చుకోమనండి, కాదన్నవాడు లేడు. తోటకెళ్లి పండు తెచ్చిన తెలివి మాత్రం చిలకమ్మది, దాన్ని తరతరాలుగా ఊయల దగ్గర పాడిన ఆడవాళ్లది.

కోర్టులకు నాదొక ఉచిత సలహా. ఇలాంటి పాట మీద చోరీ కేసు వచ్చినప్పుడు కమిషన్లూ నిపుణులూ తర్వాత. ముందు ఇద్దర్నీ బోనులో నిలబెట్టి ఒక్క ప్రశ్న వేయండి: ఈ పాట నీకు ఎవరు నేర్పారు? మా టీచరమ్మ అనో, మా అమ్మమ్మ అనో నిజం చెప్పినవాణ్ని బస్సు చార్జీలిచ్చి ఇంటికి పంపండి. ఎవరూ నేర్పలేదు, నేనే కన్నాను అన్నవాడి దగ్గర కోర్టు ఖర్చులన్నీ వసూలు చేసి, ఆ డబ్బుతో పిల్లల శిబిరం ఒకటి నడపండి. రెండో వారానికి అక్కడ ఇంకో పాట పుడుతుంది. దాని మీద మాత్రం ఎవరి పేరూ రాసుకోకండి.