ఆకాశం మాట మీద బండి వదులుతారా?

ఇప్పటి కుర్రాళ్లని బండి ఎక్కడుందని అడిగితే ఫోను తీస్తారు. నీలం చుక్క చూపించి, "ఇదిగో తాతయ్యా, గిద్దలూరు దాటేసింది" అంటారు. సరే, ఏ లైను మీద దాటింది? ఆ చుక్క ఇప్పటిదా, ఐదు నిమిషాల కిందటిదా? అది తప్పు చూపిస్తుంటే తప్పని మనకు చెప్పేదెవరు? ఈ మూడు ప్రశ్నలూ వేసేసరికి "నీతో వేగలేం" అని లేచిపోతారు. ముప్పై ఏళ్లు స్టేషన్ మాస్టరుగా చేసినవాడు ఇవి అడక్క ఇంకేం అడుగుతాడు?

మా రోజుల్లో, నల్లమల అడవి మధ్య సింగిల్ లైను మీద, బండి సంగతి టోకెన్ చెప్పేది. మా స్టేషన్‌లో ఒక మిషను, పక్క స్టేషన్‌లో దాని జోడు. అవతలి మాస్టరు ఒప్పుకుని మీట నొక్కితేనే ఇవతల టోకెన్ బంతి బయట పడేది. ఒకటి బయటికొచ్చాక, అది మళ్లీ ఏదో ఒక మిషన్లో పడేదాకా, రెండోది ఎంత గింజుకున్నా రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, సంచిని బెత్తం రింగుకు తగిలించి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం చివర చెయ్యెత్తి నిలబడేవాడు. ఆగని బండిలోంచి ఫైర్‌మన్ రింగులో చెయ్యి దూర్చి లాక్కుపోయేవాడు. డ్రైవరు సంచి విప్పి బంతి మీది అక్షరాలు చదివి, అది తన సెక్షన్‌దే అని తేలితేనే ముందుకు. వానలో, చీకట్లో, మోచెయ్యి వాచిపోతుంటే పాయింట్స్‌మన్ ఎవర్ని తిట్టుకున్నాడో నేను రాయకూడదు. కానీ బంతి వచ్చిందా, రాలేదా అన్నదే లెక్క. "దాదాపు వచ్చింది" అనే మాట మా స్టేషన్‌లో లేదు.

ఉపగ్రహం దగ్గర ఉన్నదంతా ఆ "దాదాపే". జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైము చెబుతుంటాయి. ఆ కబురు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి కింది పెట్టె దూరం కడుతుంది. గడియారంలో సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తేడా. అమెరికా వాళ్లు 2000 మే దాకా మామూలు జనానికి కావాలనే చెడగొట్టి ఇచ్చేవాళ్లు, వంద మీటర్ల దాకా అటూ ఇటూ. అది మానేశాక పది మీటర్ల లోపుకు దిగింది. ఓడలకీ కార్లకీ భేషుగ్గా ఉంటుంది. మన డబుల్ లైన్లో పక్క పట్టాలు ఎంత దూరం? పాత లైన్లలో నాలుగు మీటర్ల చిల్లర, కొత్తవాటిలో 5.3 మీటర్లు. ఫ్లైఓవర్ మీద పోతుంటే కింద రోడ్డులో ఉన్నట్టు చూపించే ఫోన్లు మీరూ చూసే ఉంటారు. కారుకైతే నవ్వుకుంటాం. రైలుకైతే అప్ లైను బండిని డౌన్ లైనులో చూపించినట్టు.

ఈ చిక్కు మనవాళ్లు అనుభవించి చూశారు. 1999 ఆగస్టులో గైసల్‌లో రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకుని దాదాపు మూడు వందల మంది పోయాక, కొంకణ్ రైల్వేలో బొజ్జి రాజారాం గారి ఆధ్వర్యంలో జీపీఎస్ ఆధారంగా ఢీకొనకుండా ఆపే పరికరం తయారైంది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో బిగించారు కూడా. ఆలోచన గొప్పదే. కానీ పక్కపక్క లైన్లున్న స్టేషన్లలో ఏ బండి ఏ లైనులో ఉందో తేల్చడమే కష్టమైంది. అవసరం లేనిచోట బ్రేకులు పడేవి. ఊరికే బ్రేకేసే యంత్రాన్ని డ్రైవరు ఎన్నాళ్లు నమ్ముతాడు?

పైగా మా నల్లమలలో బోగద సొరంగం ఉంది. కొత్తవలస-కిరండూల్ లైనులో సొరంగాలు 58. అక్కడ ఏ ఉపగ్రహం తొంగి చూస్తుంది? పెద్ద స్టేషన్ల రేకుల కిందైతే కబురు ఎక్కడెక్కడో తగిలి ఆలస్యంగా వస్తుంది. సూర్యాస్తమయం తర్వాత మన వైపు ఆకాశంలో అయనోస్ఫియర్ అల్లకల్లోలం మామూలే. దాన్ని సరిదిద్దడానికి ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ వ్యవస్థ కట్టాయి. అది 2015 నుంచి విమానాలకు దారి సవరిస్తోంది, ఏదైనా ఉపగ్రహం తప్పుడు లెక్క చెబితే సెకన్లలో హెచ్చరిస్తుంది. నాకు నచ్చింది ఆ రెండో గుణమే. కానీ విమానం తిరిగేది బట్టబయలు ఆకాశంలో. రైలు తిరిగేది కొండ కోతల్లో, చెట్ల కింద, గోడల మధ్య.

రైలు భద్రత యంత్రానికి లోకమంతా పెట్టిన పరీక్ష ఏమిటో కుర్రాళ్లకు తెలీదు. ప్రాణం తీసే తప్పు పది కోట్ల గంటలకు ఒక్కటి కూడా రాకూడదు. అంటే 11,000 ఏళ్ల పైమాట. పది మీటర్ల తేడాని ఒక మీటరుకి దించినంత మాత్రాన ఆ పరీక్ష గట్టెక్కదు. తనకు తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని, వెంటనే బండి ఆపించే బుద్ధి ఉండాలి.

అందుకే, బండ్లు గుద్దుకోకుండా తనంతట తానే ఆపే కవచ్ వ్యవస్థ చేసినవాళ్లు నేలనే నమ్ముకున్నారు. స్లీపర్ల మీద ఆర్ఎఫ్ఐడి ట్యాగులు బిగించారు. ఇంజను వాటిని చదువుకుంటూ పోతుంది, మధ్యలో చక్రం తిరిగిన లెక్కతో దూరం కట్టుకుంటుంది. ఉపగ్రహం పని ముఖ్యంగా అందరి గడియారాలూ కలిపి ఉంచడం. 2022 మార్చి 4న మన సికింద్రాబాద్ డివిజన్‌లో, గుల్లగూడ-చిట్‌గిద్ద మధ్య, రైల్వే మంత్రి కూర్చున్న ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల ముందే తనంతట తాను ఆగింది. భేష్. మరి 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి-అలమండ మధ్య పలాస పాసింజర్‌ని రాయగడ పాసింజర్ వెనక నుంచి గుద్దినప్పుడు ఆ లైనులో కవచ్ ఏది? పద్నాలుగు మంది పోయారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల పరీక్షలు చేసుకున్న సరుకు ఆ విజయనగరం జిల్లా లైనుకు చేరడానికి ఎన్నేళ్లు కావాలి?

ఇటలీ వాళ్లు సార్డీనియా దీవిలో పట్టాల మీది పెట్టెలు తగ్గించి ఉపగ్రహాన్ని వాడే ప్రయోగాలు చేశారు. బండ్లు తక్కువ తిరిగే లైన్లలో ఖర్చు కలిసొస్తుంది, కాదనను. మన దగ్గరా చెయ్యండి, కానీ ముందు నేల మీది ట్యాగులన్నీ బిగించండి. ఆ తర్వాత ఉపగ్రహాన్ని రెండో సాక్షిగా పెట్టుకోండి. బండి ఆపడానికి దాని మాట ఒక్కటీ చాలు. బండి వదలడానికి మాత్రం చాలదు.